అప్‌డేట్: కడుపుతో ఉండగా హెపటైటిస్ బి పాజిటివ్ అని అడిగాను కదా, పాపకి నెగటివ్ వచ్చింది

మూడో నెల రక్తపరీక్షలో నాకు హెపటైటిస్ బి (లివర్‌కి వచ్చే వైరస్ జబ్బు) బయటపడిందని, బిడ్డకి అంటుతుందేమోనని అప్పట్లో ఇక్కడ అడిగాను. పాపకిప్పుడు 10 నెలలు. నిన్న రిపోర్టు వచ్చింది: హెచ్‌బీఎస్ యాంటిజెన్ (ఒంట్లో ఈ వైరస్ ఉందని చూపే గుర్తు) నెగటివ్, రక్షణనిచ్చే యాంటీబాడీలు బాగా ఉన్నాయి. కాగితం పట్టుకుని అక్కడే కూర్చుని ఏడ్చేశాను.

వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ ఎంత ఉందో చూసే పరీక్ష) చేయించమన్నవాళ్లకి చేతులెత్తి దండం పెడుతున్నా. మిల్లీలీటరుకి 2 లక్షల యూనిట్లు దాటడంతో డాక్టరుగారు 28వ వారం నుంచి టెనోఫోవిర్ (వైరస్‌ని తగ్గించే మందు) ఇచ్చారు. పుట్టిన 12 గంటల్లోపే పాపకి ఒక తొడకి టీకా, రెండో తొడకి ఇమ్యునోగ్లోబులిన్ (వెంటనే రక్షణనిచ్చే రెడీమేడ్ యాంటీబాడీల ఇంజెక్షన్) వేశారు. ఆ రెండూ సిద్ధంగా ఉంచమని కాన్పుకి ముందే అడిగి పెట్టుకున్నాం, మీరూ తప్పకుండా అడగండి. తర్వాతి డోసులు ఒక్కటీ తప్పనివ్వలేదు.

టాటూ వల్లే వచ్చిందని నన్ను నేను ఎంత తిట్టుకున్నానో! అమ్మకి పరీక్ష చేయిస్తే ఆవిడకీ పాజిటివే. బహుశా నాకు పుట్టుకతోనే వచ్చి ఉంటుందన్నారు. మావారికి నెగటివ్, టీకాలు వేయించాం.

కంచాలు, గ్లాసులు వేరు చేయడం అనవసరమని తేలింది. దీనికోసమని సిజేరియన్ కూడా అక్కర్లేకపోయింది. చనుబాలు మొదటిరోజు నుంచే ఇచ్చాను. టెనోఫోవిర్ మాత్రం మీ అంతట మీరు ఆపకండి. కాన్పయ్యాక లివర్ పరీక్షలు చూసి డాక్టరుగారే నాకు ఆపించారు.