చూపు లేకుండా పేవర్ బాట వేస్తున్నాను: వాలు చేత్తో సరిచూసుకోవడం ఎలా?

నమస్కారం. నాకు చూపు పూర్తిగా లేదు. ఉప్పల్‌లో మా ఇంటి పక్క సందులో 90 సెంటీమీటర్ల వెడల్పున పేవర్ బాట నేనే వేసుకుంటున్నాను. 60 ఎంఎం ఇంటర్‌లాకింగ్ టైల్స్. మొరం తవ్వి, 100 ఎంఎం కంకర పొర పోస్తూ దిమ్మిసతో కొడుతున్నాను. దాని మీద రోబో శాండ్ (రాయి పొడి చేసి తీసే ఇసుక). 25 ఎంఎం మందం పైపులు రెండు పరిచి, వాటి మీద అల్యూమినియం బద్ద లాగితే ఇసుక సమంగా వస్తోంది, వేళ్లతో తడిమితే తెలిసిపోతుంది.

చిక్కంతా వాలు దగ్గరే. నీళ్లు గోడ వైపు రాకూడదు కాబట్టి మీటరుకు 2 సెంటీమీటర్లు, అంటే 90 సెంటీమీటర్లకు 18 ఎంఎం పల్లం కావాలి. అది కంకర పొరలోనే రావాలి. ఇసుకతో సర్దితే, మందంగా ఉన్నచోట వానలకు కుంగిపోతుంది. ఫోన్‌లో కోణం చదివి వినిపించే యాప్ ఉంది గానీ, అర డిగ్రీ తేడా వస్తే చాలు, ఇక్కడ దాదాపు 8 ఎంఎం తప్పుతుంది.

బద్ద పల్లపు కొన కింద 18 ఎంఎం ప్లైవుడ్ ముక్క పెడితే బద్ద సరిగ్గా మట్టంగా ఉండాలి. ఆ మట్టం తెలిసేదెలా? రసమట్టంలో బుడగ చేతికి అందదు కదా. బద్ద బదులు యు ఛానల్ పెట్టి బేరింగ్ గోలీ వదిలితే 2 ఎంఎం తేడాకైనా కదులుతుందా? లెవెల్ పైపులో (మట్టం చూసే నీళ్ల పైపు) తేలే పుల్ల పెట్టి, దాని కొన తాకి చూసినవాళ్లు ఉన్నారా? తాపీ పని తెలిసినవాళ్లు, చూపులేకుండా ఇలాంటి పని చేసినవాళ్లు దయచేసి చెప్పండి.