మూడేళ్ల పిల్లాడు: అంగన్‌వాడీనా, 28 వేల ప్లే స్కూలా?

మిర్యాలగూడ అమ్మ:
మా బాబుకి వచ్చే నెల మూడేళ్లు నిండుతాయి. నాలుగిళ్ల అవతలే అంగన్‌వాడీ ఉంది. మా ఆయన మాత్రం టౌన్లో ప్లే స్కూల్లో వేద్దామంటున్నారు. ఏడాదికి 28 వేలు, ఆటో ఖర్చు వేరే. మొన్న చూడ్డానికి వెళ్లాం. ఏసీ గది, గోడ నిండా బొమ్మలు. పిల్లలు మాత్రం బల్లల ముందు కూర్చుని ఏబీసీడీలు దిద్దుతున్నారు. ఒక పాపకి పెన్సిల్ పట్టుకోవడం రాక ఏడుస్తుంటే మేడమ్ చెయ్యి పట్టి మరీ దిద్దించింది. నాకది నచ్చలేదు. సరే అని అంగన్‌వాడీకి వెళ్తే టీచర్ ఫోన్లో ఏదో ఎక్కిస్తోంది, ఆయా ఉడికిన గుడ్లు ఒలుస్తోంది, పిల్లలు చాప మీద వాళ్ల మానాన వాళ్లున్నారు. చిన్నప్పుడు మంచి బడి పడితే జీవితాంతం పనికొస్తుందని అమెరికాలో రీసెర్చ్ ఉందంటూ మా ఆయన వీడియోలు చూపిస్తున్నారు. నిజమేనా?

డిగ్రీ కాలేజీ ఎకనామిక్స్:
నిజమే, కానీ సగమే చెప్పి ఉంటారు. ఆ వీడియో పెర్రీ ప్రీస్కూల్ అనే ప్రయోగం గురించి అయ్యుంటుంది. మిషిగన్‌లోని యిప్సిలాంటిలో 1962లో మొదలైంది. 123 మంది పేద నల్లజాతి పిల్లల్లో 58 మందిని బడిలో చేర్చుకున్నారు, 65 మందిని చేర్చుకోలేదు. పెద్దయ్యాక కూడా దాదాపు అందరినీ వాకబు చేశారు. ఐక్యూలో వచ్చిన తేడా కొన్నేళ్లకే చెరిగిపోయింది. కానీ 40 ఏళ్ల వయసుకి చూస్తే ఐదుసార్లు, అంతకన్నా ఎక్కువ అరెస్టయినవాళ్లు బడికెళ్లిన గుంపులో 36 శాతం, వెళ్లని గుంపులో 55 శాతం. నోబెల్ తీసుకున్న జేమ్స్ హెక్మన్ బృందం లెక్కలు వేసి, పెట్టిన డబ్బుకి ఏడాదికి 7 నుంచి 10 శాతం రాబడి ఉందని తేల్చింది.

అక్కడ ఐదారుగురు పిల్లలకి ఒక టీచర్. వారానికోసారి టీచరే ఇంటికొచ్చి గంటన్నర తల్లీబిడ్డలతో కూర్చునేది. దాని గొప్పతనం ఏసీలో లేదు, దిద్దించడంలోనూ లేదు. పేరు ప్రీస్కూల్ అయినంత మాత్రాన అదే ఫలితం రాదండీ. అమెరికాలోనే టెనెసీలో ప్రభుత్వ ప్రీ-కేకి, అంటే ఒకటో తరగతికి ముందు బడికి, వెళ్లిన పిల్లలు ఆరో తరగతికొచ్చేసరికి వెళ్లనివాళ్లకన్నా వెనకబడ్డారని 2022లో తేలింది.

రిటైర్డ్ అంగన్‌వాడీ టీచర్:
అమ్మా, ఆ ఫోన్ గురించి నేను చెప్తా. అది పోషణ్ ట్రాకర్ అనే ప్రభుత్వ యాప్. పిల్లల బరువులు, హాజరు, గర్భిణులకిచ్చిన పాలు, గుడ్లు అన్నీ అందులో ఎక్కించాలి. మధ్యలో ఓటర్ల లిస్టు పని వచ్చి పడుతుంది. నేను 31 ఏళ్లు చేశాను. పిల్లలతో తీరిగ్గా కూర్చోడానికి గంట దొరికితే ఆ రోజు పండగే.

ఆ గంటలో నేను పలక పట్టించేదాన్ని కాదు. భోజనం వేళ ప్లేట్లు పంచమనేదాన్ని. ఎంతమంది వచ్చారు, ఎన్ని ప్లేట్లు తెచ్చావు, ఇంకెన్ని కావాలి? ఒకసారి తొమ్మిదిమంది ఉంటే ఒకడు పది తెచ్చాడు. పదోది ఎవరికిరా అంటే "నీకు" అన్నాడు. వాడికి అప్పటికి మూడున్నరేళ్లు. మాట్లాడ్డమే తక్కువ.

మీరు ఒకరోజు పదిన్నరకి వెళ్లి అరగంట కూర్చోండి. గోడలు చూడొద్దు. టీచర్ ఎన్నిసార్లు కిందికి వంగి ఒక్కో పిల్లతో మాట్లాడిందో లెక్కపెట్టండి. రెండు చోట్లా.

డిగ్రీ కాలేజీ ఎకనామిక్స్:
టీచరమ్మ చెప్పినదానికి సాక్ష్యం తమిళనాడులో ఉంది. అక్కడ కొన్ని అంగన్‌వాడీలకి పూర్వ ప్రాథమిక విద్య కోసమని సగం పూట పనిచేసే ఇంకో మనిషిని ఇచ్చి చూశారు. చదువు చెప్పే సమయం రెట్టింపైంది, పిల్లలకి లెక్కలు, భాష బాగా వచ్చాయి. తీవ్ర పోషకాహార లోపం కూడా తగ్గింది. పాత వర్కర్‌కి తిండి, బరువుల పని చూసుకునే తీరిక దొరికింది మరి. మన దగ్గర అంగన్‌వాడీలు నడిపే ఐసీడీఎస్ పథకం 1975లో మొదలైంది, ఇన్నేళ్లయినా ఆ ఇంకో మనిషిని ఇవ్వడానికి చెయ్యి రావట్లేదు. ఏసీ బడికి 28 వేలు కట్టే మనమూ అడగం.

అన్నట్టు, జమైకాలో ఎదుగుదల తగ్గిన పిల్లల ఇళ్లకి ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లపాటు వారం వారం వెళ్లి, చేత్తో చేసిన బొమ్మలతోనే తల్లుల చేత పిల్లల్ని ఆడించారు. ఇరవై ఏళ్ల తర్వాత ఆ పిల్లల సంపాదన, ఆ ఆటలు దక్కని పిల్లలకన్నా 25 శాతం ఎక్కువ.

మిర్యాలగూడ అమ్మ:
టీచరమ్మగారూ, రెండు చోట్లా కూర్చొని వచ్చాను. ప్లే స్కూల్లో అరగంటకి రెండుసార్లు, రెండుసార్లూ "సైలెన్స్" అనడానికే. అంగన్‌వాడీలో ఐదుసార్లు, అదీ ఫోన్ పక్కన పెట్టాక. రోజూ గంటసేపు నేనొచ్చి పిల్లలతో కూర్చోనా అని ఆ టీచర్‌ని అడిగాను. "సూపర్‌వైజర్ మేడమ్‌ని అడిగి చెప్తా" అంది. మా ఆయన ఇంకా మెత్తబడలేదు. ప్లే స్కూల్ అడ్మిషన్లకి పదిహేనో తారీఖు దాకా టైముందట.