"విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు": ప్రాస ఒక్కటేనా?

ప్రశ్న: విశాఖలో ఉక్కు కర్మాగారం కోసం జరిగిన 1966 ఉద్యమంలో మార్మోగిన ఈ నినాదం ఇప్పటికీ జనం నోట నలుగుతోంది. ఉక్కు–హక్కు అంత్యప్రాస వల్లనేనా, లేక దీనికి ఛందస్సంటూ ఏదైనా ఉందా?

జవాబు: ఉందండి, మాత్రలు లెక్క వేసి చూడండి. పొట్టి అక్షరానికి ఒక మాత్ర, దీర్ఘానికైనా ఒత్తుకు ముందరి అక్షరానికైనా రెండు. వి-శా-ఖ: 1+2+1, నాలుగు మాత్రలు. ఉ-క్కు: 2+1, మూడు. ఆం-ధ్రు-ల: 2+1+1, మళ్లీ నాలుగు. హ-క్కు: మూడు. అటు ఏడు, ఇటు ఏడు, విరుపు కూడా ఒకే చోట. అక్షరాలు లెక్కపెట్టినా అటు ఐదు, ఇటు ఐదే. అంత్యప్రాసతోనే పని జరిగేదైతే "విశాఖపట్నం ఉక్కు, తెలుగువాళ్లందరి హక్కు" కూడా నిలవాలి. గుంపు చేత నాలుగుసార్లు అనిపించండి, సగంమంది వెనకబడిపోతారు.

మరో జవాబు: నాలుగూ మూడూ కలిపి ఏడు మాత్రల నడక, అంటే మిశ్రగతి అనేయకండి. అది కాగితం మీది లెక్క. ఊరేగింపులో ముందు నడిచే మనిషి "విశాఖ ఉక్కు" అని ఆపుతాడు. ఆగినచోట ఒక మాత్ర ఖాళీ. జనం ఊపిరి తీసుకునేది ఆ ఖాళీలోనే. ఏడుకి ఒకటి కలిస్తే ఎనిమిది, అంటే చతురశ్రం, అడుగుకు నాలుగు మాత్రలు. 'వి' దగ్గర ఎడమ కాలు, 'ఉ' దగ్గర కుడి, 'ఆం' దగ్గర ఎడమ, 'హ' దగ్గర కుడి. డప్పు దెబ్బా ఈ నాలుగు చోట్లే పడాలి. మైకు చేతికొచ్చినవాళ్లు "ఉక్కూ..." అని సాగదీస్తారు చూడండి, అక్కడే చెడుతుంది. ఖాళీ మాత్ర నిండిపోతుంది, ఎక్కడ అందుకోవాలో తెలీక తలో మాటా అవుతుంది.

ప్రశ్న: సంధి చేసి "విశాఖుక్కు" అంటే?

జవాబు: ఆరు మాత్రలే మిగులుతాయి. పైగా దెబ్బ పడాల్సిన 'ఉ' కాస్తా 'ఖ'లో కలిసిపోతుంది. పద్యంలో సంధి చేయకుండా వదిలేయడం (విసంధి) దోషం, ఇక్కడ అదే ప్రాణం. అన్నట్టు ఉక్కు ద్రావిడ పదం, హక్కు అరబ్బీ నుంచి ఉర్దూ మీదుగా వచ్చింది. ఎక్కడెక్కడివో తెచ్చి పక్కపక్కన నిలబెడితే కవలల్లా ఉన్నాయి. 'నినాదం' మాటకీ సంస్కృతంలో ఉత్త ధ్వని అనే అర్థం. రాజకీయం మనం అంటగట్టిందే.

ఇంకో జవాబు: అందరూ మాత్రల మీదే పడ్డారు, వ్యాకరణం చూడండి. ఇందులో క్రియ లేదు. "కావాలి" అని ఉంటే 1971లో శంకుస్థాపన జరిగిన రోజుతో నినాదం పని అయిపోయేది. క్రియ లేదు కాబట్టి కాలమూ లేదు. అందుకే 1966లో లేని కర్మాగారాన్ని అడగడానికీ, 2021లో ఉన్నదాన్ని ప్రైవేటుపరం చేయొద్దనడానికీ అక్షరం మార్చకుండా పనికొచ్చింది. నా లెక్కన ప్రాస కంటే ఇదే పెద్ద సంగతి. కొత్తగా నినాదం కట్టేవాళ్లు ముందు క్రియ తీసేసి చూడండి, వాక్యం నిలబడితే ఇక దాని జోలికి పోకండి.

జవాబు: గోడ మీద రాసేవాళ్ల కోసం ఒక మాట. రెండు సగాలూ ఐదేసి అక్షరాలు కాబట్టి ఒకదాని కింద ఒకటి చక్కగా కుదురుతాయి. కానీ పై వరసలో 'క్కు' ఒత్తు కిందికి దిగి 'హక్కు' నెత్తిన కూర్చుంటుంది. వరసల మధ్య కనీసం సగం అక్షరం ఎత్తు వదలండి. అట్ట కోసి అచ్చు వేస్తే 'ఆం'లో సున్న నడిమి ముక్క ఊడిపోయి గోడ మీద ఉత్త చుక్క పడుతుంది. సున్నకు పైనా కిందా సన్నటి పట్టీ వదిలి కోయాలి. 'వి' మీది గుడికీ అంతే. రంగు కాస్త చిక్కగా ఉంచి, కుంచెతో లాగకుండా స్పాంజితో అద్దండి. పల్చటి రంగు అట్ట కిందికి పాకిందంటే ముందు పూడేది ఒత్తే, 'హక్కు' చదివేవాడికి 'హకు' అవుతుంది.