ర్యామ్ పెంచాలా, డిస్క్ మార్చాలా? డబ్బులు ఒక్కదానికే ఉన్నాయి

కోఠి కౌంటర్:
అన్నలూ, కోఠిలో మందుల హోల్‌సేల్ షాపులో బిల్లింగ్ నేనే చూసుకుంటాను. బిల్లులన్నీ దాచే మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ సర్వర్‌లో 8 జీబీ ర్యామ్, 7200 ఆర్‌పీఎం సాటా డిస్క్ ఒకటి ఉన్నాయి. డేటా 22 జీబీ. సాయంత్రం ఆరు దాటితే ఎనిమిది కౌంటర్లూ ఒకేసారి బిల్లు కొడతాయి. మందు పేరు వెతకడమే నిదానం, ఇక 'సేవ్' నొక్కాక చేతులు కట్టుకుని కూర్చోవడమే. ర్యామ్ 32 జీబీ చేయించనా, ఎన్‌వీఎంఈ (పళ్లెం తిరగని, వేగమైన ఎస్ఎస్‌డీ డిస్క్) వేయించనా? ఓనర్ ఒక్కటే అన్నారు. రేపు సికింద్రాబాద్‌లో కంప్యూటర్ సామాన్లు దొరికే సీటీసీకి వెళ్తున్నాను.

అమీర్‌పేట అన్న:
ర్యామే, ఆలోచించకు. 22 జీబీ డేటా 32లో పట్టేస్తుంది. ర్యామ్ నుంచి చదవడానికి 100 నానోసెకన్లు పడితే, ఆ డిస్క్‌లో హెడ్డు కదిలి, పళ్లెం తిరిగి డేటా దొరికేసరికి 10 మిల్లీసెకన్లు. లక్ష రెట్ల తేడా!

నైట్‌షిఫ్ట్ డీబీఏ:
వెతకడం వరకు ఒప్పుకుంటాను. తమ్ముడి అసలు బాధ 'సేవ్' దగ్గర. కమిట్ అయిందని, అంటే బిల్లు పక్కాగా దాచేశానని, చెప్పాలంటే లాగ్ (మార్పులు రాసుకునే చిట్టా) డిస్క్‌లోకి చేరాల్సిందే, ర్యామ్ ఎంతున్నా ఆ పని తప్పదు. 7200 ఆర్‌పీఎం అంటే సెకనుకు 120 చుట్లు. కమిట్‌కి ఒక చుట్టు చొప్పున లెక్కేసుకో. కొన్ని బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లు ప్రతి లైనునూ విడిగా కమిట్ చేస్తాయి. 40 మందుల బిల్లయితే సెకనులో మూడో వంతు దానికే పోతుంది. ఎనిమిది కౌంటర్లూ క్యూ కడితే రెండు మూడు సెకన్లు.

ఉప్పల్ డెవలపర్:
అలాగైతే తప్పు సాఫ్ట్‌వేర్‌ది కదా! బిల్లంతా ఒకే ట్రాన్సాక్షన్‌లో పెట్టి చివర ఒక్కసారే కమిట్ చేయమనండి, పైసా ఖర్చు లేదు.

కోఠి కౌంటర్:
సాఫ్ట్‌వేర్ అమ్మినాయన ఫోనే ఎత్తడన్నా.

అమీర్‌పేట అన్న:
సరే, మైఎస్‌క్యూఎల్ డేటాను ర్యామ్‌లో ఉంచుకునే చోటు, అదే బఫర్ పూల్, దాని సైజు ఎంతుందో చూసి చెప్పు.

కోఠి కౌంటర్:
134217728 అని చూపిస్తోంది.

అమీర్‌పేట అన్న:
అది 128 ఎంబీ! ఇన్‌స్టాల్ చేసినప్పటి డిఫాల్ట్‌ను ఎవరూ ముట్టుకోలేదన్నమాట. ఇలా ఉంటే 32 జీబీ పెట్టినా మైఎస్‌క్యూఎల్ తన కోసం ఆ 128 ఎంబీనే వాడుకుంటుంది. 4 జీబీ చేసి రీస్టార్ట్ కొట్టు. మరీ పెంచేస్తే ర్యామ్ చాలక స్వాప్‌లోకి, అంటే మళ్లీ డిస్క్ మీదికే, పోతుంది, అదింకా నరకం.

ఉప్పల్ డెవలపర్:
innodb_flush_log_at_trx_commit అనే సెట్టింగ్ 1 నుంచి 2కి మారిస్తే ఏ డిస్కూ కొనక్కర్లేదు. లాగ్‌ను సెకనుకోసారే డిస్క్‌కి పంపుతుంది.

నైట్‌షిఫ్ట్ డీబీఏ:
కరెంటు పోతే ఆ సెకనులో కొట్టిన బిల్లులు గల్లంతు. కస్టమర్ చేతిలో జీఎస్టీ బిల్లు ఉంటుంది, సర్వర్‌లో ఉండదు. యూపీఎస్ బ్యాటరీ ఎలా ఉందో ముందు చూసుకోండి. ఎస్ఎస్‌డీ కొన్నా ఇదే సంగతి: కరెంటు పోయినప్పుడు చేతిలో ఉన్న రాతను పూర్తి చేయడానికి సర్వర్ రకాల్లో కెపాసిటర్లు ఉంటాయి, ఇళ్లలో వాడే చవక రకాల్లో సాధారణంగా ఉండవు. అసలు ఆ మదర్‌బోర్డుకి ఎన్‌వీఎంఈ పెట్టే ఎం.2 స్లాట్ ఉందా తమ్ముడూ?

కోఠి కౌంటర్:
లేదన్నా, పాత బోర్డు.

నైట్‌షిఫ్ట్ డీబీఏ:
అయితే ఎన్‌వీఎంఈ మాట వదిలెయ్. సాటా ఎస్ఎస్‌డీ చాలు, కదిలే హెడ్డు లేకపోవడమే నీకు కావలసింది.

కోఠి కౌంటర్:
రాత్రి 9:40. బఫర్ పూల్ 4 జీబీ చేశాను. మందు పేరు కొడుతుంటేనే లిస్టు వస్తోంది! సేవ్ మాత్రం అలాగే ఉంది. రేపు ఎస్ఎస్‌డీయే తెస్తాను.

అమీర్‌పేట అన్న:
తెచ్చుకో. నెలాఖరున ఏడాది స్టాక్ రిపోర్టు తీసేటప్పుడు ఇక్కడికే వస్తావు, అప్పుడు 32 జీబీ గురించి మాట్లాడుకుందాం.