చివరి పేజీలు ఊడిపోయినయ్యా, కథే అక్కడ ఆగిందా?

కావలి కుర్రోడు:
నెల్లూరు ట్రంకు రోడ్డులో పాత పుస్తకాలాయన దగ్గర ‘ది హిచ్‌హైకర్స్ గైడ్ టు ది గెలాక్సీ’ దొరికింది. రాత్రి అయిపోగొట్టా. అయిపోయిందో లేదో కూడా తెలీడంలా! అందరూ అంతరిక్ష ఓడలో ఉంటారు, విశ్వం చివర ఉండే హోటల్లో ఏదన్నా తిందాం పదండి అంటాడొకడు, అంతే, అట్ట వచ్చేసింది. అట్ట దగ్గర గమ్ము లేచిపోయి ఉండాది. పేజీలు పోయినయ్యంటారా?

మూలపేట మాస్టారు:
అబ్బయా, నీ పుస్తకానికేం కాలా. ఆ నవల అంతే!

అది ముందు రేడియో నాటకం. బీబీసీ రేడియో 4లో 1978 మార్చి 8న రాత్రి పదిన్నరకి మొదలైంది. తొలి విడత 6 భాగాలైతే, నవల్లోకి వచ్చింది మొదటి 4 భాగాల కథే. చివరి రెండూ రచయిత డగ్లస్ ఆడమ్స్ ఒక్కడే రాసినవి కావు, జాన్ లాయిడ్‌తో కలిసి రాసినవి.

దానికితోడు ఈయన గడువు దాటించడంలో ఘనుడు. పబ్లిషర్లు అడిగీ అడిగీ విసిగిపోయి, ‘ఇప్పుడు రాస్తా ఉండే పేజీ ముగించి ఇచ్చెయ్యి నాయనా’ అన్నారంట. ఈ సంగతి ఆయనే చెప్పుకున్నాడు. అట్టా 1979 అక్టోబరులో పాన్ బుక్స్ వాళ్ళు అచ్చేశారు. నీ హోటలు కథ 1980లో రెండో పుస్తకంగా వచ్చింది.

నవల్లో గ్రహాంతరవాసికి ఉండే ఫోర్డ్ ప్రిఫెక్ట్ అనే పేరుకి నవ్వొచ్చిందా? అది ఇంగ్లండులో ఒకప్పటి కారు పేరు. గ్రహాంతరవాసి మనూళ్ళో దిగి, ఎవురికీ అనుమానం రాకూడదని ‘అంబాసిడర్ సుబ్బారావు’ అని పెట్టుకున్నట్టు.

ఒంగోలు పాఠకురాలు:
నాకు మొదటి అధ్యాయమే ప్రాణం. బైపాసు కోసం కథానాయకుడు ఆర్థర్ ఇల్లు కూలగొట్టడానికి బుల్‌డోజర్ వస్తుంది. ప్లాను తొమ్మిది నెలలుగా ఆఫీసులోనే ఉందిగా అంటాడు ఆఫీసరు. ఎక్కడుంది? నేలమాళిగలో, లైట్లు లేని చోట, పాడుబడ్డ మరుగుదొడ్డిలో, తాళమేసిన బీరువాలో! తలుపు మీద ‘చిరుత ఉంది, జాగ్రత్త’ అని బోర్డు. రోడ్డు వెడల్పులో మా అరుగు పోయినప్పుడు నోటీసు ఎక్కడ అంటించారో మాకీరోజుకీ తెలీదు. ఆ పేజీ నవ్వుతూ చదవలేను నేను.

లెక్కల పిచ్చోడు:
జీవితానికీ, విశ్వానికీ, అన్నిటికీ జవాబు ఇదేనని నవల్లో చెప్పిన 42 సంగతి ఎవురూ ఎత్తరేంది? ఆ జవాబుకి ప్రశ్న ‘ఆరు తొమ్ముల ఎంత?’ అని తేలుద్ది గదా. ఆరు తొమ్ముల యాభైనాలుగు. అదే 54ని పదికి బదులు 13 ఆధారంగా రాసి చూడండి, నాలుగు పదమూళ్ళు, పైన రెండు. 42! ఊరికే పెట్టలా ఆయన.

మూలపేట మాస్టారు:
ఊరికే పెట్టాడు. ఏదో మామూలు, చిన్న అంకె కావాలనుకుని, తోటవైపు చూసి, 42 సరిపోద్దిలే అని టైపు చేశానన్నాడు. పదమూడో ఆధారంలో జోకులు రాసే అలవాటు నాకు లేదని కూడా అన్నాడు.

అయినా ఆరు తొమ్ముల ముచ్చట రెండో పుస్తకంలోది గదయ్యా. ఆ పిల్లోడు ఇంకా కొననే లేదు, అప్పుడే చెప్పేస్తివే!