అప్‌డేట్: ఆవిరి ఇంజిన్ మోడల్ మీద పెయింట్ పెచ్చులూడటం ఆగింది

నెల క్రితం అడిగాను కదా, మా చిన్న ఆవిరి ఇంజిన్ పొగగొట్టానికీ, కింద మంట పెట్టే ఉక్కు పెట్టెకీ 600 డిగ్రీలు తట్టుకునే నల్ల స్ప్రే కొడితే, రెండోసారి స్టార్ట్ చేయగానే గోరుతో లేపినా పెచ్చులొస్తోందని. సమాధానాలిచ్చిన అందరికీ థాంక్స్.

తప్పు పెయింట్‌ది కాదు, నాది. ఇంట్లో మిగిలిన మామూలు కార్ ప్రైమర్ కింద వేశాను. అది వేడికి మాడి పొడైపోయి, పైపూతని కూడా లాక్కొచ్చింది. ఊడిన పెచ్చు తిరగేసి చూస్తే వెనకంతా గోధుమరంగు బూడిదే! మొత్తం గీకేసి, ఎమెరీ పేపర్‌తో రుద్ది, అసిటోన్‌తో తుడిచి, తర్వాత చేత్తో ముట్టుకోకుండా, ప్రైమర్ లేకుండా మూడు పల్చటి కోట్లు వేశాను. ఒక రాత్రి ఆరనిచ్చి, పాత ఓవెన్‌లో (వంటకి వాడనిది, వాసన మామూలుగా లేదు) మెల్లగా 200 డిగ్రీలకి పెంచి గంట ఉంచాను. ఈ రకం పెయింట్ ఆరినట్టు కనిపించినా అలా కాలిస్తేనే గట్టిపడుతుంది, డబ్బా మీద కూడా రాసి ఉంది, నేనే చదవలేదు.

ఒక్క జాగ్రత్త: మామూలు టంకం 183 డిగ్రీల దగ్గరే కరగడం మొదలవుతుంది, కాబట్టి టంకం వేసిన భాగాల్ని ఓవెన్‌లో పెట్టకండి. అందుకే ఇత్తడి సిలిండర్‌కి రంగే వేయలేదు, మెరుస్తూ బాగానే ఉంది. బాయిలర్ జోలికీ పోలేదు.

మంటకి వాడే స్పిరిట్ మార్చమని అప్పుడొచ్చిన సలహాకీ, ఈ పెచ్చులూడటానికీ సంబంధం లేదు, అదే స్పిరిట్ వాడుతున్నా. ఇప్పటికి ఆరుసార్లు నడిపాను, పొగగొట్టం అంచున చిన్న గీత తప్ప ఏమీ ఊడలేదు.