అక్టోబరు గాలుల్లోపు మామిడి కొమ్మ తీయాలి, వేప ఎండుతోంది, కొబ్బరి మట్టలు తెగుతున్నాయి

బరంపురం_పెరడు
అందరికీ నమస్కారం. మూడు విషయాలండి. పెరట్లో పదిహేనేళ్ళ మామిడి ఉంది. తొమ్మిది అంగుళాల లావు కొమ్మొకటి పక్కింటి రేకుల మీదికి వాలింది. ఎక్కడ కొయ్యాలి, కోసిన చోట ఏం పూయాలి? రెండోది, వేప కొమ్మలు చివర్నుంచి ఎండుతున్నాయి. మూడోది, ఆరేళ్ళ కొబ్బరికి మట్టలు కత్తెరేసినట్టు త్రికోణాలుగా తెగి వస్తున్నాయి.

పర్లాకిమిడి_కొబ్బరి
ముందు కొబ్బరి సంగతి. అది కొమ్ము పురుగు. విచ్చుకోని మొవ్వులో దూరి నములుతుంది, ఆకు విచ్చుకున్నాకే కోత బయటపడుతుంది. అంటే ఇప్పుడు కనిపిస్తున్న దెబ్బ ఎప్పుడో తగిలినది. మొవ్వు మొదట్లో కన్నం, నమిలిన పీచు కనిపిస్తే పురుగు ఇంకా లోపలే ఉన్నట్టు. కొక్కెం ఉన్న ఇనప చువ్వతో లాగండి, మొవ్వు చీలకుండా చూసుకోండి. తర్వాత పై మూడు మట్టల మొదళ్ళలో పావుకిలో వేపపిండి, అంతే ఇసుక కలిపి నింపండి. ఏడాదికి మూడుసార్లు.

పురుగు పుట్టేది మాత్రం చెట్టు మీద కాదు, మీ పెంటకుప్పలో. కుప్ప తిరగేస్తే సున్నాలా చుట్టుకున్న లావుపాటి తెల్ల పురుగులు దొరుకుతాయి, ఏరి చంపండి. మెటారైజియం అనే పురుగుల్ని చంపే శిలీంధ్రపు పొడి కుప్పలో కలిపితే మిగిలినవి కూడా చస్తాయి. పడిపోయిన కొబ్బరి మొద్దుల్ని పెరట్లో కుళ్ళనివ్వకండి, అవీ దానికి పుట్టిల్లే. 2018లో తిత్లీ తుఫాను వచ్చినప్పటిలా చెట్లు కూలిన చోటల్లా ముందు మొద్దులు తీయించాలి.

గోపాల్‌పూర్_తోట
మామిడికి మూడు కోతలు. మొదటిది కింద నుంచి. మాను నుంచి అడుగు దూరంలో, కొమ్మ లావులో మూడోవంతు లోతు దాకా. రెండోది పై నుంచి, మొదటి కోతకి రెండంగుళాలు అవతల. కొమ్మ అక్కడ విరిగి పడుతుంది. కింది కోత లేకపోతే బరువుకి మాను బెరడు బారెడు చీల్చుకుపోతుంది, ఎక్కువమంది చేసే తప్పు ఇదే. మూడోది మిగిలిన మోడు తీయడానికి. కొమ్మ మొదట్లో ఉంగరంలా ఉబ్బిన మెడ ఉంటుంది, దాన్ని వదిలి, దాని అంచున కొయ్యాలి. మానుకి సమంగా చెక్కేస్తే మెడ పోతుంది, మోడు వదిలేస్తే కుళ్ళుతుంది.

మీది రేకుల మీద కొమ్మ కాబట్టి కోసే ముందే మోకుతో పై కొమ్మకి కట్టి, ముక్కలుగా దించండి. కరెంటు తీగ దగ్గరుంటే మీరు ఎక్కొద్దు, లైన్ ఆపించాకే పని. కాపు అయిపోయింది కాబట్టి ఇప్పుడే కొయ్యొచ్చు, వాన లేని రెండు రోజులు చూసుకోండి. ఒక్కసారిలో చెట్టు గుబురులో నాలుగోవంతుకి మించి తీయొద్దు.

రాయగడ_నర్సరీ
కోసిన చోట తారు కాచి పూసెయ్యండి. నీళ్ళు దిగవు, పురుగు చేరదు. పాతికేళ్ళుగా చెట్ల పనే చేస్తున్నాం, పుస్తకాలు చూసి చెప్పడం లేదు.

గుణుపూర్_76
తారు వద్దు మాస్టారూ. చెట్టుకి మనలా గాయం మానదు. పాడైన చెక్కకి లోపల అడ్డుగోడ కట్టుకుని, అంచుల నుంచి కొత్త చెక్కతో మూసుకొస్తుంది. అమెరికా అటవీ శాఖలో అలెక్స్ షైగో వేల చెట్లని కోసి చూసి ఈ సంగతి బయటపెట్టారు. పూతలు కుళ్ళుని ఆపవు. తారు ఎండకి పగులుతుంది, పగులులోంచి వాన దిగి వెనకాల చెమ్మ నిలుస్తుంది. కాచిన తారైతే అంచున బతికున్న బెరడు కూడా కాలిపోతుంది.

రాయగడ_నర్సరీ
అమెరికా చలి వేరు, మా వాన వేరు. నాలుగు నెలలు తడిసే ఊళ్ళో పచ్చి గాయం వదిలేయమంటారేటి? చెట్టు పోతే మీరొచ్చి నిలబెడతారా?

గోపాల్‌పూర్_తోట
ఇద్దరూ ఆగండి. తారు తప్పే. కానీ మామిడికి పెద్ద గాయమైతే మైలుతుత్తం, సున్నం కలిపిన బోర్డో పేస్టు మన దేశంలో చెప్పే పద్ధతే. అందులోని రాగి శిలీంధ్రాన్ని అడ్డుకుంటుంది, తారులా నీటిని బంధించదు. 100 గ్రాముల మైలుతుత్తం అరలీటరు నీళ్ళలో, 100 గ్రాముల కాల్చిన సున్నం ఇంకో అరలీటరులో విడిగా కరిగించి, మైలుతుత్తం నీళ్ళని సున్నంలో పోస్తూ కలపండి. ప్లాస్టిక్ బకెట్ లేదా కుండ వాడాలి, ఇనుము వద్దు. మెరుస్తున్న మేకు ముంచితే రాగి రంగు పడితే సున్నం చాలలేదని, ఇంకొంచెం వెయ్యండి. కలిపిన రోజే వాడాలి. మర్నాటికి పని చెయ్యదు.

గుణుపూర్_76
బోర్డోకి నేను అడ్డు చెప్పలేదు. నా మాట తారు గురించి. చిన్న కోతలకి అదీ అక్కర్లేదు.

రాయగడ_నర్సరీ
ముందే అలా అనుంటే గొడవుండేది కాదు గదా. బోర్డో మేమూ వాడతాం.

జయపురం_అక్క
మీరంతా పూత మీదే ఉన్నారు. ఆ మామిడి మొదట్లో సిమెంటు గట్టు ఉందా లేదా ఒక్కరూ అడగలేదు! మాను చుట్టూ గచ్చు పోస్తే వేళ్ళకి గాలి ఆడదు, చెట్టు పై నుంచి ఎండుతుంది. ఢిల్లీలో చెట్ల చుట్టూ మీటరు మేర కాంక్రీటు తీసెయ్యమని 2013లో పర్యావరణ కేసులు చూసే ఎన్‌జీటీ చెప్పింది, మన పెరడుకి కూడా ఆ మీటరు కొలత పెట్టుకోండి. ప్రహరీ పునాది కోసం వేళ్ళు నరికినా గాలికి ఆ వైపు పట్టు లేకుండా పోతుంది. 2013లో ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. అంత గాలికి ఒకవైపు వేళ్ళు లేని చెట్టు నిలవదు. నీళ్ళు కూడా మొదట్లో కాదు, కొమ్మల అంచు నీడ పడే చోట పొయ్యాలి.

బరంపురం_పెరడు
గచ్చు ఉందక్కా, మొదలు దాకా పోసేశారు. పగలగొట్టిస్తాను. మాను మీద చిన్న కన్నం, కింద రంపపు పొట్టు కూడా ఉంది.

రాయగడ_నర్సరీ
అది కాండం తొలిచే పురుగు. డైక్లోరోవాస్‌లో దూది ముంచి కన్నంలో పెట్టి బంకమట్టితో మూసెయ్యండి.

జయపురం_అక్క
అన్నా, డైక్లోరోవాస్ 2020 డిసెంబరు 31 నుంచి నిషేధం. ఇంటి పెరట్లో పిల్లలు తిరిగే చోట దాని పేరు ఎత్తొద్దు. సైకిల్ చువ్వ కొన వంచి లోపలికి పోనిచ్చి పురుగుని లాగండి. తర్వాత కిరోసిన్‌లో ముంచిన దూది పెట్టి మట్టితో మూసినా సరిపోతుంది. వారంలో కొత్త పొట్టు పడితే ఇంకో కన్నం ఉన్నట్టే, పైకి వెతకండి.

గుణుపూర్_76
ఆ కన్నం ఉన్న వైపే కొమ్మ ఉంటే మానే బలహీనం. కోసే ముందు సుత్తితో తట్టి చూడండి, డొల్ల మోత వస్తే ఎక్కొద్దు.

బరంపురం_పెరడు
వేప గురించి ఎవరూ చెప్పలేదు.

పర్లాకిమిడి_కొబ్బరి
2021లో తెలంగాణలో వేపలు ఇలాగే ఎండాయి. ఫోమోప్సిస్ అనే శిలీంధ్రం. చాలా చెట్లు మళ్ళీ చిగురించాయి, కంగారుపడి కొట్టించెయ్యకండి. ఎండిన కొనల్ని పచ్చని భాగం రెండంగుళాలు కలుపుకుని కోసి కాల్చెయ్యండి. ప్రతి కోతకి కత్తెర స్పిరిట్‌తో తుడవండి. కోసినవి మాత్రం ఆ పెంటకుప్పలో పడెయ్యకండి.

బరంపురం_పెరడు
సరేనండి. మోకు కట్టేవాళ్ళు ఆదివారం వస్తామన్నారు. ఆ రోజు వాన పడితే వాయిదా వెయ్యాలా, మధ్యాహ్నం తెరిపిస్తే కొయ్యొచ్చా?

గోపాల్‌పూర్_తోట
వాయిదా వెయ్యండి. తడి కొమ్మ మీద కాలు నిలవదు.